గగనవీరుని సమాధి

ఫ్రాన్సు దేశపు ఉత్తరభాగమున పా-ద-కాలే అను మండలము కలదు. అది బొగ్గుగనులకు పేరుపొందిన ప్రదేశము. ఆ మండలమున ఎస్తెవెల్ అను చిన్న గ్రామమొకటి యున్నది. గ్రామస్థుల కొఱకై యేర్పడిన శ్మశానవాటికలో, ఫ్రెంచి పేర్లుగల సమాధుల నడుమ, ఒక సమాధి చూపరులను నిలువరించును. దానిపై వంగలిపిలో కొన్ని మాటలు చెక్కబడి యున్నవి. ఇది మహావీరుని సమాధియనియు, దీనిని గౌరవింపవలెననియు, తాకరాదనియు ఆ మాటల భావము.

గంగాతీరమున పుట్టిన లిపి అంత దూరమున, ఫ్రాన్సులోని పల్లెటూరిలో నిలుచుటకు కారణమేమి? అచ్చట శాశ్వతనిద్ర పొందుచున్నవాడు కలకత్తా నగరమున జన్మించిన యువకుడు. అతని పేరు ఇంద్రలాల్ రాయ్. మరణించునాటికి అతనికి ఇరువది యేండ్లు నిండలేదు. మొదటి ప్రపంచ యుద్ధములో ఆకాశమున పోరాడి, పదుమూడు దినములలో పది విజయములు సాధించి, పదునాఱవ దినముననే నేలకొరిగిన వీరుడతడు.

ఇంద్రలాల్ 1898వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన జన్మించెను. ఆ వంశమువారు తూర్పు వంగదేశమున బారిసాల్ ప్రాంతమునకు చెందిన జమీందారులు. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశములో నున్నది. తండ్రి పియారీలాల్ రాయ్ బారిష్టరు. తల్లి లలితా రాయ్ విద్యావతి, ధైర్యశాలిని. 1911వ సంవత్సరమున లండను నగరమున స్త్రీలు తమకు ఓటుహక్కు కావలెనని గొప్ప ఊరేగింపు జరిపిరి. అందులో పాల్గొన్న భారతీయ స్త్రీలలో ఆమె యొకతె. మాతామహుడు సూర్యకుమార చక్రవర్తి పాశ్చాత్య వైద్యము నభ్యసించిన తొలి భారతీయులలో నొకడు. అన్న పరేశలాల్ ముష్టియుద్ధమున ప్రవీణుడై, ఆ క్రీడను భారతదేశమున వ్యాప్తి చేసి కీర్తి గడించెను. ఇంటివారు ఇంద్రలాలును ‘లాడీ’ యని ముద్దుపేరుతో పిలుచుచుండిరి.

బాల్యముననే ఇంద్రలాల్ ఇంగ్లండు చేరి, లండనులోని సెయింటు పాల్ పాఠశాలలో చదువుకొనెను. అతడు విద్యార్థిగా నుండగనే 1914వ సంవత్సరమున యుద్ధము ప్రారంభమయ్యెను. ఆ కాలమున విమానము క్రొత్త వస్తువు. రైటు సోదరులు మొట్టమొదటిసారి యంత్రముతో గాలిలో తేలినది 1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన. అప్పటికి పదునొకండేండ్లైనను గడువలేదు. కొయ్యచట్రము, దానిపై బిగించిన గుడ్డ, ముందొక యంత్రము. ఇదియే నాటి విమానము. యుద్ధారంభమున విమానములు శత్రుసైన్యముల కదలికలను చూచివచ్చుటకే యుపయోగపడుచుండెను. కొలదికాలములోనే వానికి మరతుపాకులను అమర్చిరి. ఆకాశమే రణరంగమయ్యెను.

పాఠశాల విడిచిన పిదప ఇంద్రలాల్ వైమానికదళమున చేరదలచెను. ఇది సులభమైన కోరిక కాదు. ఆనాడు బ్రిటిషు సైన్యములో భారతీయులు లక్షల సంఖ్యలో సిపాయిలుగా పనిచేయుచుండిరి. కాని అధికారి పదవి వారికి దాదాపు అందరానిదిగా నుండెను. యుద్ధము తీవ్రమై వైమానికుల కొఱత యేర్పడిన తరువాతనే ‘రాయల్ ఫ్లయింగ్ కోర్’ అను నాటి వైమానికదళము కొలదిమంది భారతీయులకు ద్వారములు తెఱచెను. హర్‌దిత్ సింగ్ మలిక్, శ్రీకృష్ణ వేలింకర్, ఎరోల్ సేన్, ఇంద్రలాల్ రాయ్ అను నలుగురు అట్లు ప్రవేశించి విమానచోదకులైరి.

ఇంద్రలాలునకు మఱియొక అడ్డంకియు కలిగెను. అతని చూపు చాలదని వైద్యపరీక్షలో తిరస్కరించిరి. వైమానికునకు కన్నులే ప్రాణము. దూరమున చుక్కవలె కనబడు శత్రువిమానమును ముందు చూచినవానిదే పైచేయి. అయినను ఇంద్రలాల్ నిరాశ చెందలేదు. తన మోటారు సైకిలును అమ్మివేసి, ఆ సొమ్ముతో ఇంగ్లండులోని ప్రసిద్ధ నేత్రవైద్యు నొకనికి కన్నులు చూపించుకొనెను. ఆ వైద్యుడు చూపు సరిగానే యున్నదని నిర్ణయించెను. మొదటి నిర్ణయము రద్దయ్యెను. 1917వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఇంద్రలాల్ దళమున చేరెను. జూలై 5వ తేదీన సెకండు లెఫ్టినెంటు పదవి లభించెను.

ఫ్రాన్సులోని వాందోమ్ నగరమున విమానచోదనమును, స్కాట్లండులోని టర్న్‌బెర్రీలో తుపాకి కాల్చు విద్యను నేర్చుకొని, అక్టోబరు నెలాఖరున అతడు 56వ దళమున చేరెను. ఆ దళము మిక్కిలి ప్రసిద్ధమైనది. కాని అతని తొలిదినములు జయప్రదములు కాలేదు. 1917 డిసెంబరు 6వ తేదీన అతని విమానము కూలిపోయెను. గాయపడిన ఇంద్రలాలును వైద్యశాలకు చేర్చిరి.

ఈ ప్రమాదమును గూర్చి యొక కథ ప్రచారములో నున్నది. స్పృహ కోల్పోయిన ఇంద్రలాల్ మరణించినాడని భ్రమించి వైద్యశాలలోని శవాగారమున నుంచిరట. అర్ధరాత్రివేళ అతనికి మెలకువ వచ్చి తలుపు దబదబ బాదెనట. కావలివాడు దయ్యమేమోయని భయపడి, చాలసేపు తలుపు తీయనేలేదట. వినుటకు ఇంపైన కథయే. వీరుల చరిత్రలచుట్టును ఇట్టి కథలు తీగలవలె అల్లుకొనుచునే యుండును. కథను కథగా చెప్పుకొనుటలో దోషము లేదు. కాని విమానము కూలిన తేదీ వేరు, శవాగారపు కథ వేరు. మొదటిది దళపు పత్రములలో వ్రాయబడినది. రెండవది నోటినుండి నోటికి వచ్చినది. వీరుని స్మృతిని కాపాడగోరువారు ఈ భేదమును మఱువరాదు.

గాయములు మానువఱకు ఇంద్రలాల్ ఊరక కూర్చుండలేదు. పెన్సిలు పట్టి విమానముల చిత్రములను గీయుచు కాలము గడపెను. వానిలో అనేకము నేటికిని నిలిచియున్నవి. రెక్కల వంపులను, యంత్రముల కూర్పును ఆ రేఖలు జాగ్రత్తగా చూపించును. గాలిలో నెగురుటకు వీలులేని దినములలోగూడ అతని మనస్సు గాలిలోనే విహరించుచుండెనని ఆ చిత్రములే సాక్ష్యము.

ఇంతలో సైన్యములో నొక మార్పు వచ్చెను. 1918 ఏప్రిలు 1వ తేదీన సైనిక, నౌకా వైమానికశాఖలు రెండును కలిసి ‘రాయల్ ఎయిర్ ఫోర్సు’ ఏర్పడెను. ఆరోగ్యము చేకూరిన ఇంద్రలాల్ జూన్ నెలలో 40వ దళమున చేరెను. అచ్చట ఐరిష్‌వాడైన కెప్టెన్ జార్జి మెకెల్రాయ్ అతనికి నాయకుడయ్యెను. మెకెల్రాయ్ ఆకాశయుద్ధమున ఆరితేరినవాడు. అట్టి నాయకుని అండ దొరకుట ఇంద్రలాలునకు గొప్ప మేలు చేసెను. మొదట విమానమును కూల్చుకొని వైద్యశాల పాలైన యువకుడు, ఇప్పుడు ఓర్పుతో నేర్చుకొని నేర్పరియయ్యెను.

అతడు నడపిన విమానము పేరు ఎస్.ఇ.5ఏ. అందులో ఒక్కనికే చోటు. కూర్చుండు స్థానమునకు పైకప్పు లేదు. చలిగాలి ముఖమునకు కొట్టుచుండగా వేలకొలది అడుగుల యెత్తున ఎగురవలెను. ఆ విమానమునకు రెండు మరతుపాకులుండెను. ఒకటి ముందుభాగమున, తిరుగుచున్న పంఖా రేకుల సందుగా కాల్చునది. గుండు రేకునకు తగులకుండ యంత్రమే వేళను సరిచూచుచుండెను. రెండవది పై రెక్కమీద బిగింపబడినది. విమానము దెబ్బతినినచో దూకి ప్రాణము దక్కించుకొనుటకు బ్రిటిషు వైమానికులకు ఆనాడు గాలిగొడుగు ఇచ్చుటలేదు. విమానము మండినను కూలినను దానితోపాటు మనిషియు పోవలసినదే.

ఆ యుద్ధకాలముననే ‘ఏస్’ అను బిరుదు పుట్టినది. పేకముక్కలలో ఆసు అన్నిటికంటె మిన్న యని తెలియనివారుండరు. ఫ్రెంచి పత్రికలవారు ఆ మాటనే తీసికొని, పెక్కు శత్రువిమానములను పడగొట్టిన వైమానికుని ఆసు అని పొగడసాగిరి. క్రమముగా ఐదు విజయములు సాధించినవాడు ఏస్ అని లెక్క యేర్పడెను. బ్రిటిషు ప్రభుత్వము ఈ బిరుదును అధికారపూర్వకముగా స్వీకరింపలేదు. అయినను లోకము దానిని విడువలేదు.

1918 జూలై 6వ తేదీన ద్రోకూర్ గ్రామముపై ఇంద్రలాల్ తన మొదటి విజయమును సాధించెను. 8వ తేదీన నాలుగు గంటల కాలములో మూడు విజయములు కలిగెను. 13వ తేదీన రెండు, 15వ తేదీన రెండు, 18వ తేదీన ఒకటి, 19వ తేదీన మఱియొకటి. ఈ విధముగా పదుమూడు దినములలో మొత్తము పది. వీనిలో రెండు ఇతర వైమానికులతో కలిసి సాధించినవి. అతడు గాలిలో గడపిన కాలమంతయు కూడినను దాదాపు 170 గంటలు మాత్రమే. భారతీయులలో మొదటి ఏస్ ఇంద్రలాలే. మొదటి ప్రపంచ యుద్ధమున ఆ గౌరవము నందిన భారతీయుడు అతడొక్కడే.

19వ తేదీ గడచిన మూడవ దినము జూలై 22. ఆ దినమున కార్వాన్ పట్టణముపై, జర్మనుల 29వ వేటదళమునకు చెందిన ఫోకర్ విమానములతో ఘోరమైన పోరు జరిగెను. ఆ పోరులో ఇంద్రలాల్ విమానము మంటలలో చిక్కి కూలిపోయెను. ఆ ప్రదేశము అప్పుడు జర్మనుల అధీనమున నుండెను. పందొమ్మిది సంవత్సరముల యేడు నెలల వయస్సున ఆ జీవితము ముగిసెను. అతనికి నేర్పరియైన మెకెల్రాయ్ సైతము తొమ్మిది దినముల పిమ్మట, జూలై 31వ తేదీన, యుద్ధములో మరణించెను. గురుశిష్యులిరువురిని ఒకే మాసము బలిగొనినది. ఆ యుద్ధము నవంబరు 11వ తేదీన ముగిసెను. మఱి నాలుగు నెలలు గడచియుండినచో ఇరువురును ఇండ్లకు మరలియుందురు.

1918 సెప్టెంబరు నెలలో ఇంద్రలాలునకు మరణానంతరము ‘డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్’ అను పతకమును ప్రకటించిరి. ఆ పతకమును పొందిన మొదటి భారతీయుడతడే. అయితే ఆ ప్రకటనలో నొక విశేషమున్నది. పదుమూడు దినములలో అతడు తొమ్మిది శత్రువిమానములను లొంగదీసినాడని అందు వ్రాసిరి. తరువాత పత్రములను పరిశీలించినవారు పది యని లెక్కించిరి. ఏది సరి?

దీనికి సమాధానము నాటి లెక్కల పద్ధతిలో నున్నది. పోరు ముగించి దిగిన వెంటనే ప్రతి వైమానికుడును తాను చేసినదానిని కాగితముపై వ్రాసి యీయవలెను. తోడివారు చూచిరేని సాక్ష్యము పలుకుదురు. శత్రువిమానము ముక్కలగుటగాని మండుటగాని కంటబడినచో అది ‘ధ్వంసమైనది’. అదుపు తప్పి గిఱగిఱ తిరుగుచు మేఘములలోనికి జాఱిపోయినచో అది ‘అదుపు తప్పినది’. బ్రిటిషువారు రెండింటిని విజయములుగానే గణించిరి. ఇద్దఱు కలిసి పడగొట్టినదానిని ఇద్దఱి లెక్కలోను చేర్చుటయు కలదు. పోరు తఱచుగా జర్మనుల వైపు నేలపైననే జరుగుచుండుటచే, కూలిన విమానమును పోయి చూచివచ్చుటకు వీలుండెడిది కాదు. కావున తొమ్మిదికిని పదికిని గల భేదమువలన వీరుని శౌర్యమునకు కొఱత కలుగదు. కాని ఆ భేదమును దాచి, అంకెను ఇష్టము వచ్చినట్లు పెంచి చెప్పినచో మాత్రము వీరునకు అపచారమే. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటయే అతనికి చేయదగిన మొదటి గౌరవము.

ఇంకొక సత్యమును గూడ మఱువరాదు. ఇంద్రలాల్ పడగొట్టినవానిలో కొన్ని హానోవర్ విమానములు. అందు ఇద్దఱు కూర్చుందురు; నడుపువాడొకడు, వెనుక తుపాకి పట్టువాడొకడు. ఆ వైపున గూడ తల్లులుండిరి. కుమారుల రాకకై యెదురుచూచుచుండిరి. విజయముల పట్టికలోని ప్రతి అంకె వెనుకను మనుష్యుల ప్రాణములున్నవి. ఏస్ అను మాటను పేకాటలోని ఆసువలె తేలికగా పలుకువారు ఈ సంగతిని స్మరింపవలెను. వీరుని గౌరవించుట యనగా యుద్ధమును గౌరవించుట కాదు.

ఆ కాలపు వైమానికులే ఈ ధర్మమును కొంతవఱకు పాటించిరి. జర్మనుల వైమానికులలో అగ్రగణ్యుడైన మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిక్తోఫెన్ ఎనుబది విజయములు సాధించి, 1918 ఏప్రిలు 21వ తేదీన మరణించెను. అతని శరీరము ప్రత్యర్థులకు చిక్కెను. ఎందఱో తమ మిత్రులను చంపినవాడని వారు దానిని అవమానింపలేదు. మఱునాడు ఆస్ట్రేలియా వైమానికులు బెర్తాంగ్ల్ గ్రామమున సైనికలాంఛనములతో అతనిని సమాధి చేసిరి. రావణుడు కూలిన పిదప వైరము మరణముతోనే ముగిసినదని పలికి, అతనికి ఉత్తరక్రియలు జరిపింపుమని విభీషణుని శ్రీరాముడు ఆదేశించిన కథ భారతీయులకు సుపరిచితము. ఆ ధర్మము ఏ యొక్క దేశమునకో చెందినది కాదు.

చనిపోయినవారి స్మృతిని నిలుపుట యుద్ధకాలముననే యొక శాస్త్రమువలె రూపొందినది. ఫేబియన్ వేర్ అను నాయన యుద్ధభూమిలో రోగులను మోయు బండ్లదళమున పనిచేయుచు, సమాధులు గుర్తులేక నశించిపోవుట గమనించెను. ఎవరెక్కడ పాతిపెట్టబడిరో వ్రాసియుంచుటకు అతడు పూనుకొనెను. అతని కృషి ఫలితముగా 1917వ సంవత్సరము మే నెలలో యుద్ధసమాధుల సంఘము ఏర్పడెను. సేనానికైనను సిపాయికైనను సమాధివిషయమున సమాన గౌరవము, ప్రతి మృతునకు ఒక పేరు. ఇవి ఆ సంఘము ప్రకటించిన నియమములు. సమాధి దొరకనివారి పేర్లను స్మారకశిలలపై చెక్కిరి. ఆరాస్ పట్టణమున నున్న వైమానికుల స్మారకముపై దాదాపు వేయి పేర్లున్నవి. ఆ వేయిమందికిని తెలిసిన సమాధి లేదు. ఆకాశమునుండి రాలినవారు ఎక్కడ రాలిరో చెప్పుట అంత కష్టము.

శ్రీకృష్ణ వేలింకర్ చరిత్రము ఇందుకు తార్కాణము. బొంబాయికి చెందిన ఈ యువకుడు 1918 జూన్ నెలలో గస్తీకై ఎగిరి తిరిగిరాలేదు. ఇంటివారికి అతడు కానరాలేదని మాత్రమే తెలిసెను. బ్రదికియున్నాడో లేదో తెలియక తల్లి పరితపించెను. నిజమునకు గాయపడి జర్మనులకు చిక్కి, కొలది దినములలోనే మరణించియుండెను. జర్మనులు అతనిని సమాధి చేసిరి. కాని పరదేశపు పేరగుటచే గుర్తుపలకపై తప్పుగా వ్రాసిరి. ఆ తప్పు పేరువలన అతని జాడ చాలకాలము తెలియలేదు. యుద్ధము ముగిసిన తరువాత పట్టుదలతో విచారణ సాగించి, ఆ సమాధి అతనిదేయని తేల్చిరి. నేడు ఫ్రాన్సులోని హాంగార్ గ్రామమున అతని అసలు పేరుతో శిల నిలిచియున్నది. పేరులోని కొన్ని యక్షరములు మాఱుటచే ఒక తల్లి దుఃఖము ఎన్ని నెలలు పెరిగెనో ఊహించినచో, పేరును సరిగా వ్రాయుట యెంతటి పవిత్రకార్యమో తెలియును.

తక్కిన ఇరువురిలో ఎరోల్ సేన్ 1917వ సంవత్సరమున జర్మనులకు ఖైదీగా చిక్కి, యుద్ధానంతరము విడుదలయ్యెను. హర్‌దిత్ సింగ్ మలిక్ గాయములు తగిలినను బ్రదికి బయటపడి, స్వతంత్ర భారతమున ఫ్రాన్సు దేశమునకు రాయబారిగా నియుక్తుడయ్యెను. ఏ దేశపు ఆకాశమున యౌవనములో పోరాడెనో, ఏ దేశపు నేలలో తోడివారిని విడిచెనో, ఆ దేశమునకే శాంతిదూతగా మరలి వెళ్ళెను.

ఇంద్రలాలును జన్మభూమి మఱువలేదు. కలకత్తాలోని భవానీపూరు ప్రాంతమున ఒక వీథికి అతని పేరు పెట్టిరి. 1998వ సంవత్సరము డిసెంబరులో, శతజయంతి సందర్భమున, భారత తపాలాశాఖ అతని స్మారకముగా తపాలాబిళ్ళను వెలువరించెను. అతడు మరణించిన పదునాలుగేండ్లకు, 1932 అక్టోబరు 8వ తేదీన, భారత వైమానికదళము స్థాపింపబడెను. తమకంటె ముందు నలుగురు యువకులు త్రోవ తీసిరను జ్ఞానము ఆ దళమున చేరినవారికి బలము నొసగెను. నేడు హైదరాబాదునకు సమీపముననున్న దుండిగల్‌లో వైమానికదళ శిక్షణాలయము కలదు. చూపు చాలదని పొమ్మనిపించుకొన్న విద్యార్థి తెఱచిన త్రోవలోనే అచ్చటి యువతీయువకులు రెక్కలు విప్పుచున్నారు.

స్వతంత్ర భారతములో జరిగిన ఒక సంఘటన, స్మృతిరక్షణ యెంత ఓపికతో కూడిన పనియో చూపించును. 1965వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన పాకిస్తానులోని సర్గోధా విమానాశ్రయముపై భారత విమానములు దాడి వెడలినవి. వానిలో ఒకదానిని నడపినవాడు కొడగు ప్రాంతమునకు చెందిన స్క్వాడ్రన్ లీడరు అజ్జమాడ బోపయ్య దేవయ్య. అతడు తిరిగిరాలేదు. ఏమి జరిగెనో చూచినవారు ఈ వైపున ఎవరును లేరు. కానరాలేదను మాట మాత్రమే పత్రములలో మిగిలెను.

చాల సంవత్సరముల తరువాత, ప్రత్యర్థుల పక్షపు వృత్తాంతముల నాధారము చేసికొని ఒక ఆంగ్ల రచయిత వ్రాసిన గ్రంథమువలన నిజము బయలుపడెను. శబ్దమునకు రెండింతల వేగముతో పోగల స్టార్‌ఫైటరు విమానము దేవయ్య మిస్టేరు విమానమును వెన్నాడి దెబ్బతీసెను. తన విమానము వేగములో ఎంతో తక్కువదైనను, దెబ్బతినినదైనను, దేవయ్య మరల తిరిగి పోరాడి ఆ స్టార్‌ఫైటరును పడగొట్టెను. దాని చోదకుడు గాలిగొడుగుతో దూకి బ్రదికెను. దేవయ్య అసువులు బాసెను. భారత వైమానికదళమువారు ఈ వృత్తాంతమును తమ పత్రములతో సరిచూచి, సత్యమని నిర్ణయించిరి. 1988వ సంవత్సరమున, అనగా ఇరువదిమూడు సంవత్సరముల పిదప, దేవయ్యకు మహావీరచక్ర ప్రకటింపబడెను. అతని శౌర్యమునకు తొలి సాక్ష్యము లభించినది ప్రత్యర్థి పక్షమునుండియే యగుట గమనింపదగినది. శత్రువైనను నిజము చెప్పుట, మిత్రుడైనను పరిశీలింపక నమ్మకుండుట, ఈ రెండును చేరినందుననే ఒక వీరుని పేరు మఱుగున పడకుండ నిలిచెను.

తెలుగుదేశమున పల్లెపల్లెకును వీరగల్లులు కలవు. పొలిమేరలోనో, గుడి వాకిటనో, చెట్టు క్రిందనో కత్తి పట్టిన వీరుని బొమ్మతో రాయి నిలువబడియుండును. వానిలో అనేకములపై అక్షరములు అరిగిపోయినవి. ఎవరి కొఱకు ఎవరు ప్రాణమిచ్చిరో ఊరివారికే తెలియదు. పసుపుకుంకుమలు మాత్రము మిగిలినవి, పేరు పోయినది. పూజ నిలిచి చరిత్ర నశించినచో వీరుడు సగమే బ్రదికినట్లు.

ఎస్తెవెల్ గ్రామపు సమాధి ఈ దుర్గతిని పొందలేదు. దానిపై పేరున్నది, తేదీ యున్నది, మాతృభాషలో మాట యున్నది. పత్రములలో విజయముల లెక్క యున్నది. లెక్కలోని తేడాయు ఉన్నది. వైద్యశాలలో గీచిన చిత్రములున్నవి. వీనినన్నిటిని కలిపి చూచునప్పుడు, ఆసు అను బిరుదు వెనుక నున్న మనిషి కనబడును. మోటారు సైకిలు నమ్ముకొన్న బాలుడు, ఒకమారు ఓడి మరల నేర్చుకొన్న శిష్యుడు, ఇంటివారికి లాడీ. అట్టి మనిషిని కోల్పోయినందులకు విచారించుట, అతని సాహసమునకు తలవంచుట, అతని కథను చిలువలు పలువలు చేర్చక తరువాతివారికి అందించుట: ఈ మూడును కలిసినదే నిజమైన స్మృతిరక్షణము. సమాధిని తాకవలదని చెప్పిన వంగాక్షరముల అంతరార్థముగూడ అదియే కావచ్చును. వీరుని చరిత్రను చెఱుపక, గౌరవముతో చూడవలెను.

ప్రశ్నలు

1. ఇంద్రలాల్ రాయ్ వైమానికదళమున చేరుటకు కలిగిన అడ్డంకులేవి? వానిని అతడెట్లు దాటెను?
2. ‘ఏస్’ అను బిరుదు ఎట్లు పుట్టినది?
3. ఇంద్రలాల్ విజయముల లెక్కలో తొమ్మిదికిని పదికిని భేదము వచ్చుటకు నాటి లెక్కల పద్ధతి యెట్లు కారణమయ్యెనో వివరింపుము.
4. శ్రీకృష్ణ వేలింకర్ సమాధి చాలకాలము తెలియకపోవుటకు కారణమేమి?
5. దేవయ్య శౌర్యము ఎన్ని సంవత్సరములకు, ఎట్లు వెల్లడియయ్యెను?
6. మీ గ్రామమునగాని సమీపమునగాని నున్న వీరగల్లును చూచి, పెద్దలు చెప్పిన కథను, నిశ్చయముగా తెలిసిన విషయములను వేఱువేఱుగా వ్రాయుము.